ధర్మసంస్థలును దాతలును

ప్రతిసంవత్సరమును ఈ సంచిక కడపటి పుటలలో చందాదారుల పట్టిక యొకటి ముద్రింపబడుచుండును. విద్యార్థులు కథలను, ఆటల వృత్తాంతములను, ఛాయాచిత్రములను చూచి ఆ పుటలను తిప్పివేయుదురు. తల్లిదండ్రులు తమ పేరున్నదేమో యని మాత్రము చూతురు. మా అభిప్రాయమున సంచికయంతటిలో శ్రద్ధతో చదువదగిన పుటలలో నవి కొన్ని. మనము కూర్చుండు బల్లలును, తలపై నున్న కప్పును, చదువు పుస్తకములును ఎవరి కష్టార్జితమునుండి వచ్చినవో ఆ పట్టిక చెప్పుచున్నది. కావున ఈ యేట ధర్మసంస్థలకు ధనమెట్లు లభించును, లభించిన స్నేహమెట్లు నిలుచును అను విషయమును గూర్చి మాకు తోచిన నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

మన గోదావరి మండలములలో పాఠశాల గాని, ఆసుపత్రి గాని, అనాథాశ్రమము గాని, గ్రంథాలయము గాని తన స్వంత బొక్కసముతోనే పుట్టి పెరిగినది అరుదు. అట్లుండియు ధనమడుగుట యనిన మనలో రెండు దురభిప్రాయములు ప్రబలియున్నవి. కొందఱు అది యాచన యని సిగ్గుపడి, సంస్థ చితికిపోవు వఱకును నోరు మెదపరు. మఱికొందఱు అది మాటకారితన మనియు, ఇంగ్లీషున చక్కని దరఖాస్తు వ్రాయగలవాడొకడు దొరికిన చాలు ననియు తలంతురు. ఈ రెండును పొరపాట్లే యని మా నమ్మకము. దరఖాస్తుకు ముందు చేసిన పనియు, ధనము ముట్టిన తరువాత చెప్పిన లెక్కయు, ఈ రెండే దాత విశ్వాసమును సంపాదించును. నడుమ నున్న కాగితము వాని రెంటికిని వంతెన మాత్రమే.

మన దేశము సుభిక్షమగుటకు కారణమైన ధవళేశ్వరపు ఆనకట్టయే మొదట నొక విన్నపము. అది ధర్మసంస్థ కాకపోయినను, అడుగు విధము నేర్చుకొనుటకు దానికంటె మంచి పాఠము మాకు కనబడలేదు. 1833 ప్రాంతమున వచ్చిన డొక్కల కరువును, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెనయు ఈ సీమను పాడుచేసెను. 1821లో 7,38,308గా నున్న రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5,61,041కి దిగిపోయెను. ఆ స్థితిలో ఆర్థర్ కాటన్ దొరగారు 1844 మొదలు చెన్నపట్టణపు ప్రభుత్వమునకు నివేదికలు పంపి, గోదావరికి అడ్డుకట్ట కట్టవలయునని కోరిరి. ఆయన కేవలము జనుల దైన్యమును వర్ణించి యూరకొనలేదు. తాము 1836లో తంజావూరు సీమయందు కొల్లడము నదిపై కట్టిన ఆనకట్టలవలన కలిగిన లాభమును చూపిరి. ఆ కావేరి డెల్టాకును ఈ గోదావరి డెల్టాకును గల పోలికను చూపిరి. ఎంత వ్యయమగునో, ఎంత ఆదాయము వచ్చునో లెక్కవేసి చెప్పిరి. 1846లో అనుమతి వచ్చెను. 1847లో పని యారంభమై 1852లో ముగిసెను. ఆ పాత ఆనకట్టకు మారుగా నేడు కాటన్ బారేజి నిలిచియున్నది. అవసరము చెప్పుట, ముందు చేసిన పని చూపుట, వ్యయమును దాచక తెలుపుట, ఫలమును కొలుచు మార్గము చెప్పుట: నేటి దాతలు అడుగు ప్రశ్నలన్నియు ఈ నాలుగింటిలో నిమిడియున్నవి.

ఇక ధర్మకార్యములలోనికి వత్తము. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841-1909) తమ యింటి పంటతో ఆకలిగొన్నవారికి అన్నము పెట్టి శాశ్వతకీర్తిని గడించిరి. ఆ మహాతల్లి ఎవరికిని దరఖాస్తు వ్రాసినది కాదు. అట్టి యిల్లు ఊరి కొకటి యున్నచో ఈ వ్యాసముతో పనియే లేదు. కాని ఒక యింటిపై నాధారపడిన ధర్మము ఆ యింటివారి యాయువుతోను, ఆ యింటి పంటతోను ముడిపడి యుండును. పదిమంది ధనముతో నడచు ధర్మమునకు ఒక సంఘమును, ఒక నియమావళియు, ఒక చిట్టాయు కావలసివచ్చును.

ఈ సంగతిని కందుకూరి వీరేశలింగము పంతులుగారు బాగుగ నెఱిగిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిగిననాడు ఆయనకు శత్రువులు మెండు, ధనము కొంచెము. కాకినాడ వర్తకులైన పైడా రామకృష్ణయ్యగారు ఆ కార్యమునకు వేలకొలది రూపాయలిచ్చి తోడు నిలిచిరి. లోకమంతయు వెలివేయుచున్న పనికి ఒక వర్తకుడు ధనమిచ్చుట సామాన్యమా? పంతులుగారు ఇతరులను కష్టములకు పురికొల్పి తాము సుఖముగ కూర్చుండువారు కారని ఆయన చూచి యుండవలెను. తరువాత పంతులుగారు 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి, 1908లో తమ యాస్తిని దాని కిచ్చివేసిరి. 1919లో ఆయన స్వర్గస్థులైనను సమాజము నిలిచెను. తన చేయి ముందు తెఱచినవాడు ఇతరుల చేతిని తెఱువుమని యడుగ నర్హుడు. పేదసంస్థ లక్షలు పెట్టనక్కఱలేదు. సభ్యులు నెలనెల వేసికొను పదిరూపాయల చందా యైనను, ఊరివారు మోసిన ఇటుకలైనను, తల్లులు పంపిన పిడికెడు బియ్యమైనను చిట్టాలో వ్రాసి చూపినచో, ఈ సంస్థను దాని వారే ప్రేమించుచున్నారని దూరపు దాతకు తెలియును.

అయితే త్యాగమొక్కటియే చాలునా? చాలదని కాకినాడ చరిత్రయే చెప్పుచున్నది. థామస్ గాబ్రియేలు అను తెలుగువాడు తంతి శాఖలో నుద్యోగమును విడిచి, కాకినాడలో స్వతంత్రముగ మిషను పనిని ప్రారంభించెను. ఉత్సాహమునకు కొదువ లేదు, ధనమునకు కొదువ కలిగెను, అప్పులు పెరిగెను. తుదకు కెనడా బాప్టిస్టు సంఘము వారైన మెక్‌లారిన్ దొరగారిని పిలువగా, వారు 1874 మార్చిలో కాకినాడకు వచ్చి ఆ పనిని చేపట్టిరి. గాబ్రియేలు 1875 జనవరి మొదటి దినముననే మరణించెను. ఆయన వేసిన విత్తు చెట్టైనది; కాని దాని నీడను ఆయన చూడలేదు. ఈ కథను చదువునప్పుడెల్ల మాకొక్క విచారము కలుగుచుండును. సహాయము కోరుటకు సరియైన కాలము సంస్థ పచ్చగా నున్న కాలమే. అప్పులవాండ్రు గుమ్మములో కూర్చున్న తరువాత వ్రాసిన ఉత్తరమున ఎంత సత్యమున్నను, చదువువానికి భయమే కనబడును.

రాజమహేంద్రవరపు లూథరను మిషను చరిత్రమున వేఱొక పాఠము కలదు. 1845లో ఉత్తర జర్మనీ మిషను సంఘమువారు అచ్చట పని మొదలిడి, ధనాభావముచేత 1850లో దానిని అమెరికా లూథరనుల కప్పగించిరి. 1861 మొదలు 1865 వఱకు అమెరికాలో అంతర్యుద్ధము జరుగగా అచ్చటినుండియు ధనమును మనుష్యులును కొఱవడిరి. 1869లో ఆ పనిని మఱియొక సంఘమున కిచ్చివేయ నిశ్చయమగుచున్న సమయమున, పూర్వము 1842లో గుంటూరునకు వచ్చి పనిచేసిన హైయరు దొరగారు పెన్సిల్వేనియాలోని సంఘసభ యెదుట నిలిచి, దీనిని విడువవలదని వేడుకొనిరి. అప్పటికాయన వయస్సు 75 ఏండ్లు దాటినది. ఎవరు పోవుదురను ప్రశ్న పుట్టగా, తామే పోవుదుమనిరి. ఆ సంవత్సరమే మఱల రాజమహేంద్రవరము చేరిరి. సభవారి మనస్సును మార్చినది ఆయన వాగ్ధాటి కాదని మా తాత్పర్యము. ఆ ఊరిని, ఆ జనులను కన్నులార చూచినవాడు, వారికొఱకు మఱల సముద్రము దాట సిద్ధమైనవాడు మాటాడుచున్నాడు. సంస్థను గూర్చి చెప్పవలసినవాడు సంస్థలో పనిచేయువాడే గాని, కూలికి కుదుర్చుకొన్న లేఖకుడు కాడు.

ఈ చరిత్రముననే మఱియొక హెచ్చరిక యున్నది. ఎక్కడనో యుద్ధము వచ్చిన ఇక్కడ పాఠశాల మూతపడు స్థితి యేర్పడెను. ఒక్క దాతపై నాధారపడిన సంస్థ ఒంటిస్తంభపు పందిరి వంటిది. దూరదేశపు ధనమొక పాలు, సర్కారు సహాయమొక పాలు, ఊరివారి చందా యొక పాలుగా నుండుట క్షేమము. 1854లో ఇంగ్లండునుండి వచ్చిన విద్యాశాసనము వలన గ్రాంటు పద్ధతి యేర్పడినది మొదలు మిషను పాఠశాలలు సర్కారు తనిఖీకి లోబడి సహాయమును పొందినవి. ఇన్‌స్పెక్టరుగారు వచ్చుచున్నారనిన గోడలకు సున్నము, పిల్లలకు చలిజ్వరము! అయినను ఆ తనిఖీయే మన పాఠశాలలకు హాజరుపట్టీని, జమాఖర్చును సరిగ నుంచు అలవాటును నేర్పినదని యొప్పుకొనవలెను.

ఆ యలవాటు తప్పినచో నేమగునో మేమే యనుభవించితిమి. కొన్ని యేండ్ల క్రిందట ఒక లంకగ్రామమున పేదపిల్లల వసతిగృహమునకు సహాయము కోరుచు దరఖాస్తు వ్రాసిపెట్టుమని మమ్ము అడిగిరి. మేము భాషయందు శ్రద్ధ చూపితిమి గాని నిజమందు చూపలేదు. పట్టీలో పేరున్న పిల్లలందఱును ఆ గృహముననే భోజనము చేయుచున్నట్లు వ్రాసితిమి. దాతల పక్షమున నొకరు ముందుగ చెప్పకయే భోజనవేళకు వచ్చిరి. విస్తళ్లు సగమే పడినవి. వచ్చినవారు ఒక్క కఠినపు మాట యనలేదు, హాజరుపట్టీ చూపుమనిరి. రెండు నెలలుగా అది వ్రాయబడలేదు. సహాయము రాలేదు. మాకు సిగ్గు కలిగినది నిరాకరణమువలన కాదు. ఆ దినమున భోజనము చేయుచున్న పిల్లలు నిజముగ పేదవారు, వారి యాకలి నిజము. మా యతిశయోక్తి ఆ నిజమును గూడ అబద్ధముగ కనబడునట్లు చేసెను.

మఱుసటి సంవత్సరము వార్డెనుగారు తామే తెలుగున నొక ఉత్తరము వ్రాసిరి. అందు అలంకారము లేదు. ఊడ్పుల కాలమునను, కోతల కాలమునను పిల్లలు తల్లిదండ్రులతో కూలికి పోవుదురనియు, అందులో కొందఱు మఱల చదువునకు రారనియు, వారిని తిరిగి తెచ్చుటకు తమకు ఒక మనిషి జీతము కావలయుననియు వ్రాసిరి. వెనుకటి సంవత్సరపు తప్పునుగూడ ఒప్పుకొనిరి. దాతలు ధనము పంపలేదు, ప్రశ్నలు పంపిరి. వార్డెనుగారు ఒక్కొక్కదానికి ఉత్తరమిచ్చిరి. అటుతరువాత ఆ ఒక్క జీతము మాత్రము వచ్చినది. ఇప్పటికిని వచ్చుచున్నది. మేము వ్రాసిన యందమైన కాగితముకంటె ఆ మోటు ఉత్తరమే పిల్లలకు మేలు చేసెను.

నేటి కాలమున దాతలు మాఱిరి, శాసనములును మాఱినవి. 2013 నాటి కంపెనీల చట్టమున, 500 కోట్ల రూపాయల నికరాస్తి గాని, 1000 కోట్ల వ్యాపారము గాని, 5 కోట్ల నికరలాభము గాని గల కంపెనీలు తమ మూడేండ్ల సగటు లాభమున నూటికి రెండు వంతులు సాంఘిక కార్యములకు వెచ్చింపవలెనను విధి 2014 ఏప్రిలునుండి అమలులోనికి వచ్చెను. విదేశధనమును పొందగోరు సంస్థలు 2010 నాటి విదేశీ విరాళముల చట్టము క్రింద అనుమతి పొందవలెను. 2020లో చేసిన సవరణ ప్రకారము ఆ ధనము ఢిల్లీలోని స్టేటు బ్యాంకు ప్రధానశాఖలో తెఱచిన ఖాతాకే రావలెను. దానిని మఱియొక సంస్థకు పంచి యిచ్చుట కూడదు. పాలనావ్యయము నూటికి ఇరువది వంతులు మించరాదు. పట్టణపు పెద్దసంస్థ తాను తెచ్చిన విదేశధనములో కొంత పల్లెలోని చిన్నసంస్థ కిచ్చు దారి దీనితో మూతపడెను. కావున చిన్నసంస్థలు తమ పత్రములను తామే సరిచేసికొని, తమ దాతలను తామే వెదకికొనవలసిన కాలము వచ్చినది. నమోదు పత్రము, పన్ను మినహాయింపు పత్రము, మూడేండ్ల ఆడిటు లెక్కలు, సభ్యుల తీర్మానముల పుస్తకము ఒక పెట్టెలో క్రమముగ నున్న సంస్థకు సగము పని ముందే యైనట్లు.

దాతను వెదకుటయందును వివేకము కావలెను. కనబడిన ప్రతి గుమ్మమునకు ఒకే దరఖాస్తు నకలు పంపుట వల లేక చేపలకు పోవుటవంటిది. ఈ దాత పూర్వము ఎట్టి పనులకు, ఏ సీమలో, ఎంత మొత్తమిచ్చెనో ముందు తెలిసికొనవలెను. కంటిచికిత్సల కిచ్చువానిని పాఠశాల కప్పు వేయుమని యడుగుట ఇరువురికిని కాలహరణము. సాధ్యమైనచో అడుగుటకు ముందే పరిచయము కలుగవలెను: వార్షికోత్సవమునకు ఆహ్వానింపవచ్చును, పని చూడుమని పిలువవచ్చును, సలహా కోరవచ్చును. దాత తన ధనమునకు తోడు తన బుద్ధిని గూడ ఇవ్వగలడని మన మెందుకు మఱతుము?

ఇచ్చట మేము గట్టిగ చెప్పదలచిన మాట యొకటి కలదు. పిల్లల చినిగిన చొక్కాలను, వారి కన్నీటిని ఛాయాచిత్రములుగ తీసి ధనము రాబట్టు పద్ధతి మాకు సమ్మతము కాదు. ఆ పిల్లవాడు రేపు పెద్దవాడై ఆ చిత్రమును చూచుకొనునప్పుడు మన మేమి చెప్పుదుము? పేదవాని కథను అతని యనుమతి లేక అమ్ముకొనుటకు మనకు హక్కు లేదు. అట్లే, దాత కోరినాడని సంస్థ తన యుద్దేశమును మార్చుకొనుటయు మంచిది కాదు. పిల్లలకు బువ్వ పెట్టుటకు ఏర్పడిన గృహము, ధనము వచ్చునని కంప్యూటర్ల శాల తెఱచి, వంటవానికి జీతమీయలేక తలుపు మూసినచో ఎవరికి లాభము? కాదని మర్యాదగ చెప్పగలుగుటయు స్నేహమున నొక భాగమే.

ధనము వచ్చిన తరువాత మన వారిలో పెక్కుమందికి మౌనవ్రతము పట్టును. మఱుసటి దరఖాస్తు వఱకును దాతకు ఉత్తరము లేదు. ఇది కృతఘ్నత కాకపోవచ్చును, బద్ధకమే కావచ్చును. చదువువానికి రెండును ఒక్కటే. రసీదు ఆ వారముననే పోవలెను. ఆరునెలలకొక ఉత్తరము పోవలెను: ఎంత వ్యయమైనది, ఏమి నెఱవేఱినది, ఏది నెఱవేఱలేదు. నెఱవేఱనిదానిని దాచిన సంస్థను దాత తఱచు వదలును. చెప్పి కారణము తెలిపిన సంస్థను నమ్మును. తుఫాను కాలమున ధనము వరదవలె వచ్చి వరదవలెనే తీసిపోవును. 1996 నవంబరులో కోనసీమ కొబ్బరితోటలను నేలగూల్చిన తుఫాను వంటి యుపద్రవమునాడు సహాయము పంపినవారికి, మఱుసటి యేట మొక్క తిరిగి నాటబడినదని ఎవరు వ్రాయుదురో వారికే ఆ స్నేహము మిగులును.

దాతలతోను రెండు మాటలు మనవి చేసికొందుము. ఈ సంచికను చదువు తల్లిదండ్రులలోను, దూరదేశములందున్న మా పూర్వవిద్యార్థులలోను ఇచ్చువారు కలరు. మీలో పెక్కుమంది శిలాఫలకమున్న గదికి ధనమిత్తురు. ఆ గదిలో దీపము వెలుగుటకు, దానిని ఊడ్చు మనిషికి, అందు చదువు చెప్పు ఉపాధ్యాయునికి ఇచ్చుటకు వెనుదీయుదురు. గోడలు పిల్లలకు అన్నము పెట్టవు. జీతమునకు, కరెంటు బిల్లునకు, లెక్కలు వ్రాయువానికి ఇచ్చిన రూపాయియు ధర్మమే. ఒక్క యేడు ఇచ్చి మానుటకంటె తక్కువ మొత్తమైనను మూడేండ్లకు మాట యిచ్చుట మేలు. అప్పుడు సంస్థ వారు దరఖాస్తులు వ్రాయుట మాని పని చేయుదురు. లెక్క యడుగుడు, కాని చిన్నసంస్థను నూఱు పుటల ఫారములతో నలుపకుడు.

ప్రియ విద్యార్థులారా! ఈ మాటలు పెద్దలకు మాత్రమే యని తలపకుడు. మీ తరగతి సాహిత్యసంఘమునకు, ఆటల నిధికి, పేదవిద్యార్థుల పుస్తకనిధికి వచ్చు రూపాయలు కొద్దివే. అయినను వచ్చినది వచ్చినట్లు, పోయినది పోయినట్లు నేడే వ్రాయ నేర్చుకొనుడు; నెలాఖరున తరగతి గోడపై నంటింపుడు; తప్పు పడినచో తప్పని చెప్పుడు. రేపు మీలో నొకరు తమ యూర నొక గ్రంథాలయమునో, వైద్యశాలనో నెలకొల్పి ఇతరుల గుమ్మమున నిలిచినప్పుడు, ఈ గోడ కాగితము వలన కలిగిన యలవాటే మీకు తోడుగ వచ్చును.

ఇక ఈ సంచిక కడపటి పుటలకు పోయి, ఆ పట్టికను ఈ సారి యొక్కసారి నెమ్మదిగ చదువుడు. అందున్న పేర్లలో మీ రెఱిగినవి కొన్ని యుండును. వారిలో నొక్కరికైనను, తమరిచ్చిన దానివలన మాకు ఈ మేలు కలిగినదని మీ చేతివ్రాతతో నాలుగు పంక్తులు వ్రాసి పంపుడని మా కోరిక.